బరంపురం పట్టు దుకాణానికి చాట్‌బాట్: మొదటి ప్రశ్న నుంచి చివరి బటన్ దాకా

ఒడిశాలోని బరంపురంలో ఒక పట్టు దుకాణం ఫోనుకు వచ్చే మెసేజీలు గంటసేపు చదివితే చాలు, అక్కడ చాట్‌బాట్, అంటే మెసేజీలకు తనంతట తానే జవాబిచ్చే ప్రోగ్రాం, ఏం పని చేయాలో తెలిసిపోతుంది. ఒకరు తెలుగు లిపిలో "కుంభం అంచు చీర ఉందా అన్నా?" అని అడుగుతారు. ఇంకొకరు అదే మాట ఒడియా లిపిలో పంపుతారు. ఎక్కువమంది తెలుగునో ఒడియానో ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేసి, మధ్యలో ఒక హిందీ మాట కూడా కలిపేస్తారు. పర్లాకిమిడిలో, గుణుపురంలో, రాయగడలో దుకాణం నడిపేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. నెట్‌లో దొరికే చాట్‌బాట్ పాఠాలు మాత్రం ఒకే భాషలో, సరైన స్పెల్లింగుతో రాసే మనిషిని ఊహించుకుని మొదలవుతాయి. ఈ ఆంధ్ర-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో అలా రాసే కొనుగోలుదారు అరుదు. అందుకే ఇక్కడ భాషల కలగలుపుకే ఎక్కువ చోటు ఇస్తున్నాం. ఉదాహరణ పట్టు దుకాణానిదే అయినా, విత్తనాల కొట్టుకైనా మందుల షాపుకైనా పద్ధతి ఇదే.

లోపల ఏం జరుగుతుంది

ఏ చాట్‌బాట్‌లోనైనా జరిగే పని ఒక్కటే. మెసేజ్ వస్తుంది, దాన్ని శుభ్రం చేస్తారు, అడిగినదేమిటో గుర్తిస్తారు, సమాధానం ఎక్కడుందో వెతుకుతారు, తిరిగి పంపుతారు. దీనికి తోడు ఇంతవరకు ఏం మాట్లాడుకున్నారో గుర్తుంచుకునే చోటు ఒకటి ఉండాలి. తేడా అంతా "అడిగినదేమిటో గుర్తించడం" దగ్గరే.

మొదటి రకం నియమాల మీద నడుస్తుంది. ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ చేసి 1966లో ప్రకటించిన ఎలైజా ఈ కోవలోదే. ఫలానా మాట కనిపిస్తే ఫలానా జవాబు, అంతే. రెండో రకంలో ఒక్కో ఉద్దేశానికి పాతిక ముప్ఫై నమూనా వాక్యాలిచ్చి యంత్రానికి నేర్పుతారు. "రేటెంత", "ఎంత పడుద్ది", "ధర చెప్పండి" మూడూ ఒకే ఉద్దేశమని అది పసిగడుతుంది. మూడో రకం లార్జ్ లాంగ్వేజ్ మోడల్. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రతిపాదించిన ట్రాన్స్‌ఫార్మర్ నిర్మాణం మీద ఇది నిలబడింది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చాక అందరి నోటా పడింది.

ఈ మూడో రకం గురించి ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. అది వాక్యాన్ని టోకెన్లనే ముక్కలుగా విడగొట్టి, ఇప్పటిదాకా వచ్చిన ముక్కల తర్వాత ఏ ముక్క రావడానికి ఎంత అవకాశముందో లెక్కగట్టి, ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోతుంది. మీ కొట్లో మెరూన్ రంగు జోడ (మగవాళ్ల పట్టు బట్ట) ఎన్ని ఉన్నాయో దానికి తెలియదు. అయినా అడిగితే చెప్తుంది, అది కూడా ఎంతో మర్యాదగా, తడుముకోకుండా. ధర వాక్యంలో ఏదో ఒక అంకె రావాలని మాత్రమే దానికి తెలుసు కాబట్టి అంకె వేసేస్తుంది. అందుకే మేం చెప్పే పద్ధతిలో మోడల్‌కు ఒకే ఉద్యోగం: కొనుగోలుదారు అడిగినదాన్ని అర్థం చేసుకోవడం. ధర, సరుకు, డెలివరీ రోజులు ఎప్పుడూ మీ పట్టిక నుంచే రావాలి.

మొదట మెసేజీలు, తర్వాతే కోడ్

ఫోనులోని పాత మెసేజీల్లోంచి 200 నుంచి 300 వరకు కాగితం మీదో గూగుల్ షీట్‌లోనో ఉన్నవి ఉన్నట్టుగా దించండి. స్పెల్లింగ్ సరిచేయొద్దు, ఆ తప్పులే మనకు పనికొచ్చే సరుకు. పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం తీసేయండి. పక్కన మూడు గడులు పెట్టండి: అడిగినదేమిటి, ఏ భాష, ఏ లిపి. వరుసగా నింపుకుంటూ వెళ్తే ఉద్దేశాలు పది పన్నెండుకు మించవు: ఉందా లేదా, ధర, ఫొటో పంపమనడం, రంగు, కొరియర్, డబ్బు ఎలా కట్టాలి, మార్చుకోవచ్చా, కొట్టు ఎన్నింటికి మూస్తారు, అసలు పట్టేనా, పెళ్లికి ఎక్కువ కావాలంటే తగ్గిస్తారా.

ఇందులో చివరి రెండింటినీ బాట్‌కు అప్పగించకండి. "అసలు పట్టేనా" అని అడిగే మనిషికి మీ మాట కావాలి, మీ కొట్టు మీద నమ్మకం కావాలి. బేరం కూడా అంతే. ఇలాంటివి వచ్చినప్పుడు బాట్ ఒక్క ముక్క చెప్పి మనిషికి అందించాలి.

పట్టిక

గూగుల్ షీట్ సరిపోతుంది. సరుకుకొక వరుస: కోడ్, తెలుగు పేరు, ఒడియా పేరు, రకం, రంగు, ధర, ఎన్ని ఉన్నాయి, ఫొటో లింక్, చివరిసారి మార్చిన తేదీ. ఆ చివరి గడిని చాలామంది వదిలేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. పెళ్లిళ్ల కాలంలో రెండు రోజుల కిందటి లెక్క చూసి బాట్ "ఉంది" అని చెప్పేస్తుంది, కొనుగోలుదారు ఛత్రపురం నుంచి బస్సెక్కి వచ్చాక సరుకుండదు. తేదీ 24 గంటలు దాటితే బాట్ "ఉంది" అనకూడదు. "చివరిసారి చూసినప్పుడు ఉంది, కొట్లో మళ్లీ చూసి చెప్తాం" అనాలి. ఈ ఒక్క నియమం చాలా మాటలు పడకుండా కాపాడుతుంది.

రకం గడిలో మీ కొట్టు మాటలే వాడండి. కుంభం అంచు చీర, దానికి జతగా మగవాళ్ల జోడ, బుటా చీర. జీఐ గుర్తింపున్న (ఫలానా ప్రాంతపు సరుకని అధికారికంగా గుర్తించిన) బరంపురం పట్టుకు వేరే గడి పెట్టి అవును, కాదు అని రాయండి. ఆ ప్రశ్నకు మోడల్ ఊహతో జవాబిస్తే అది మీ కొట్టు చెప్పిన అబద్ధమవుతుంది.

టెలిగ్రామ్‌లో బాట్ తెరవడం

నేర్చుకోవడానికి టెలిగ్రామ్ మంచిది. డబ్బు అక్కర్లేదు, అనుమతులు అక్కర్లేదు. యాప్‌లో బాట్‌ఫాదర్ అనే అధికారిక ఖాతాను వెతికి, నీలం టిక్కు ఉందో లేదో చూసుకుని, స్టార్ట్ నొక్కండి. స్లాష్ పెట్టి న్యూబాట్ అని ఇంగ్లిష్‌లో పంపితే ముందు పేరు అడుగుతుంది. ఇది తెలుగులో ఉండొచ్చు. తర్వాత యూజర్‌నేమ్ అడుగుతుంది. ఇది ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండి, చివర బాట్ అన్న మూడక్షరాలతో ముగియాలి. వెంటనే ఒక టోకెన్ ఇస్తుంది (పైన చెప్పిన వాక్యపు ముక్క కాదు, ఇది తాళంచెవి లాంటి రహస్య గుర్తు): ముందు కొన్ని అంకెలు, రెండు చుక్కలు, తర్వాత పొడవాటి అక్షరాల గొలుసు. ఈ టోకెన్ ఎవరి చేతిలో ఉంటే బాట్ వారిది. కోడ్‌లో రాయకుండా విడి ఫైల్‌లో దాచండి. బయటపడిందన్న అనుమానం వస్తే బాట్‌ఫాదర్‌కు రివోక్ ఆదేశం పంపి కొత్తది తీసుకోండి.

బాట్ తనంతట తాను ఎవరికీ మొదటి మెసేజ్ పంపలేదు. అవతలి మనిషి ముందు స్టార్ట్ నొక్కాలి. స్లాష్ ఆదేశాలు కూడా ఇంగ్లిష్ చిన్నక్షరాల్లోనే ఉండాలి, తెలుగు చెల్లదు. కాబట్టి మీ కొనుగోలుదారులకు ఆదేశాలు నేర్పే పని పెట్టుకోకుండా బటన్లు ఇవ్వండి.

మెసేజ్ తీసుకోవడం, అక్కడ వచ్చే చిక్కులు

పైతాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తే చిన్న ప్రోగ్రాం చాలు. టెలిగ్రామ్ నుంచి మెసేజ్ రెండు దారుల్లో తీసుకోవచ్చు. మీ ప్రోగ్రామే వెళ్లి "ఏమైనా వచ్చాయా" అని అడగడం ఒకటి, గెట్‌అప్‌డేట్స్ అంటారు. రాగానే టెలిగ్రామే మీ సర్వర్ తలుపు తట్టడం రెండోది, వెబ్‌హుక్ అంటారు. వెబ్‌హుక్‌కు హెచ్‌టీటీపీఎస్ (భద్రమైన లింక్) ఉన్న నెట్ చిరునామా కావాలి, 443, 80, 88, 8443 పోర్టులు మాత్రమే పనికొస్తాయి. కొట్లో ఉన్న కంప్యూటర్ మీద మొదలుపెట్టేవాళ్లు గెట్‌అప్‌డేట్స్ పట్టుకోవడం మేలు.

ఇక్కడ తగిలే తప్పులు మూడు. ఒకటి, బాట్ అదే జవాబును పదేపదే పంపుతుంది. తీసుకున్న చివరి అప్‌డేట్ నంబర్‌కు 1 కలిపి, ఎక్కడి నుంచి ఇవ్వాలో చెప్పే ఆఫ్‌సెట్‌గా పంపకపోతే టెలిగ్రామ్ ఆ మెసేజ్ మీకు ఇంకా అందలేదనుకుని మళ్లీ ఇస్తుంది. రెండు, 409 అనే ఎర్రర్. ఒకే టోకెన్‌తో ప్రోగ్రాం రెండు చోట్ల నడుస్తోందన్నమాట, లేదా వెబ్‌హుక్ తీసేయకుండా గెట్‌అప్‌డేట్స్ మొదలుపెట్టారు. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో పరీక్షించి ఆపడం మరిచిపోయి, కొట్లో మళ్లీ నడిపితే వచ్చేది ఇదే. మూడోది కరెంటు. టెలిగ్రామ్ మీ కోసం మెసేజీలను 24 గంటలకు మించి దాచదు, ఒక రోజంతా ప్రోగ్రాం ఆగిపోతే ఆ ముందటివి పోయినట్టే. కరెంటు వచ్చాక మిగిలిన పాతవన్నీ ఒక్కసారే గుప్పున వస్తాయి, ఒక్కసారి అడిగితే 100 దాకా. ప్రతి మెసేజ్‌తో వచ్చే సమయాన్ని చూసి, గంట దాటినవాటికి "ఆలస్యమైంది, ఇంకా కావాలా?" అని అడిగేలా రాసుకోండి.

బటన్లు: 64 బైట్ల గొడవ

తెలుగు బాట్లు ఇక్కడ ఆగిపోవచ్చు, ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకు ఈ చిక్కు అంతగా తగలదు. టెలిగ్రామ్ బటన్‌కు రెండు భాగాలు. పైన కనిపించే రాత ఒకటి, నొక్కినప్పుడు లోపల మీ ప్రోగ్రాంకు వెళ్లే గుర్తు ఒకటి. ఈ లోపలి గుర్తు 64 బైట్లు (కంప్యూటర్ రాతను కొలిచే చిన్న కొలత) దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక్క బైటు చాలు. తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న, ఒక్కొక్కటీ మూడేసి బైట్లు తింటాయి.

"బరంపురం పట్టు చీరల ధరలు" తీసుకోండి. కంటికి కనిపించేవి 12 అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో 20 గుర్తులు, మూడు ఖాళీలు. 20ని మూడుతో గుణిస్తే 60, ఖాళీలకు 3, మొత్తం 63 బైట్లు. గట్టెక్కింది. దానికి ఇంకొక్క తెలుగు అక్షరం చేర్చారో, 66 అయి టెలిగ్రామ్ బటన్ డేటా చెల్లదని మెసేజ్ మొత్తాన్నే వెనక్కి కొడుతుంది. ఒక చీర పేరుతో చక్కగా నడిచిన ప్రోగ్రాం ఇంకో చీర పేరుతో ఎందుకు కూలిందో తెలియక రోజంతా కొట్టుకుంటారు. మందు తేలికే: పైన రాత తెలుగులో ఎంత పొడవైనా పెట్టండి, లోపలి గుర్తుగా మాత్రం పట్టికలోని చిన్న కోడ్ పంపండి.

బటన్ నొక్కాక గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంటే, నొక్కినట్టు అందిందని టెలిగ్రామ్‌కు మీరు చెప్పలేదని అర్థం. ఆన్సర్‌కాల్‌బ్యాక్‌క్వెరీ అనే పిలుపు ఉత్తదైనా సరే ప్రతి నొక్కుకూ పంపాలి.

లిపి గుర్తించడం

ఇది అనుకున్నంత కష్టం కాదు. అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్ అనే పద్ధతిలో ప్రతి లిపికీ తన పేట ఉంది. దశాంశ అంకెల్లో చెప్పాలంటే తెలుగు 3072 నుంచి 3199 వరకు, ఒడియా 2816 నుంచి 2943 వరకు, దేవనాగరి 2304 నుంచి 2431 వరకు. మెసేజ్‌లోని ఒక్కో గుర్తు నంబరు చూసి ఏ పేటవి ఎక్కువున్నాయో లెక్కపెడితే లిపి తేలుతుంది. జవాబు కూడా ఆ లిపిలోనే ఇవ్వండి. ఒడియాలో అడిగినవారికి తెలుగులో చెప్తే బాట్ పనిచేస్తున్నా వాళ్లు మళ్లీ రారు.

పోల్చే ముందు శుభ్రం చేయడం తప్పనిసరి. తెలుగు కీబోర్డులు కొన్ని "ఆన్‌లైన్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి పెడతాయి, దాని నంబరు 8204. కొన్ని పెట్టవు. రెండు మాటలూ చూడ్డానికి దాదాపు ఒకటే, కంప్యూటర్‌కు వేరు. 8204, 8205 రెండింటినీ తీసేసి పోల్చండి. ఒడియాలో ఇంకో మెలిక ఉంది. జోడ అన్న మాటను ఒడియాలో రాస్తే చివర కింద చుక్క ఉన్న అక్షరం వస్తుంది. కొన్ని ఫోన్లు దాన్ని ఒకే గుర్తుగా పంపుతాయి, కొన్ని అక్షరం వేరు, చుక్క వేరుగా రెండు గుర్తులు పంపుతాయి. కొట్లో ఎక్కువగా అడిగే మాటే సగం మందికి దొరక్కుండా పోతుంది. పైతాన్‌లోని యూనికోడ్‌డేటా అనే లైబ్రరీతో ఎన్ఎఫ్‌సి అనే ఒకే తీరు రూపానికి మార్చితే రెండూ ఒకటవుతాయి. పట్టికలోని పేర్లకూ ఇదే చేయాలి, మెసేజ్‌కు మాత్రమే చేస్తే లాభం లేదు. ఒడియా అంకెల గురించి మాత్రం బెంగ అక్కర్లేదు, పైతాన్‌లో ఇంట్ అనే ఆజ్ఞ వాటిని నేరుగా సంఖ్యగా మార్చేస్తుంది.

ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు, ఒడియా

అసలు కష్టం ఇక్కడుంది. "ఉంది" అన్న మాట ముందు వి పెట్టి రాసేవాళ్లున్నారు, డి తర్వాత హెచ్ పెట్టేవాళ్లున్నారు, చివరి ఐని రెండు ఈలు చేసేవాళ్లున్నారు. మీరు దించుకున్న ఆ 200 మెసేజీలు ఇప్పుడు అక్కరకొస్తాయి. ఒక్కో మాటకు కనిపించిన రూపాలన్నీ జాబితా చేయండి. ఏ భాషో తేల్చడానికి కొన్ని గట్టి గుర్తులు చాలు: "ఎంత", "ఉందా", "కావాలి" కనిపిస్తే తెలుగు, "కేతే", "అఛి" కనిపిస్తే ఒడియా. రెండూ కలిసి వస్తే చివరి క్రియను బట్టి నిర్ణయించండి. ఈ రెండు భాషల్లోనూ క్రియ మామూలుగా చివరే వస్తుంది కాబట్టి చాలాసార్లు అదే సరైన దారి చూపిస్తుంది.

జాబితాలో లేని రూపాలకు ర్యాపిడ్‌ఫజ్ లాంటి లైబ్రరీతో దగ్గరి పోలిక వెతకొచ్చు. హద్దు నూటికి 85 దగ్గర మొదలుపెట్టండి, నాలుగక్షరాలు, అంతకన్నా చిన్న మాటలకు ఈ పోలిక అసలు వాడకండి, అయిదు, అంతకు మించినవాటికే వాడండి. రంగుల దగ్గర అయితే పూర్తిగా మానేయండి. ఒడియాలో నాలి అంటే ఎరుపు. తెలుగు నల్ల చీరను ఒకే ఎల్‌తో కొట్టేవాళ్ల మాటకూ దీనికీ పోలిక 75 వస్తుంది. హద్దును 70కి దించారంటే పెళ్లికి ఎర్ర చీర అడిగిన ఇంటికి నల్ల చీర ఫొటో వెళ్తుంది. రంగులకు అచ్చంగా సరిపోయిన మాటే తీసుకోండి, లేకపోతే రంగుల బటన్లు చూపించి అడగండి.

మోడల్‌ను కలపడం

పై దారిలో దొరకని మెసేజ్ మాత్రమే లార్జ్ లాంగ్వేజ్ మోడల్‌కు పంపండి. అన్నీ పంపితే ఖర్చు, ఆలస్యం రెండూ పెరుగుతాయి. ఒకే అర్థమున్న వాక్యానికి ఇంగ్లిష్‌లో కన్నా తెలుగు, ఒడియా లిపుల్లో ఎక్కువ టోకెన్లు పడతాయి, బిల్లు టోకెన్ల లెక్కనే వస్తుంది. మోడల్ ఎంచుకునే ముందు మీ మెసేజీల్లోంచి ఓ యాభై ఇచ్చి ఎన్ని టోకెన్లయ్యాయో చూసుకోండి.

మోడల్‌ను జవాబు రాయమనొద్దు. ఇలా చెప్పండి (జేసన్ అంటే పేరు, విలువ జతలుగా రాసే రూపం): "కింది మెసేజ్‌లో ఉద్దేశం, రకం, రంగు, గరిష్ఠ ధర, భాష తీసి జేసన్ రూపంలో ఇవ్వు. ఉద్దేశం ఈ జాబితాలోని వాటిలో ఒకటే కావాలి. మెసేజ్‌లో లేనిది ఖాళీగా వదులు, ఊహించకు." కింద నాలుగైదు నమూనాలివ్వండి, అందులో ఒకటి ఒడియా, ఒకటి కలగాపులగం భాష ఉండాలి. జవాబు ఎంత మారుతూ ఉండొచ్చో చెప్పే టెంపరేచర్ అనే సెట్టింగ్ ఉంటే 0 పెట్టండి. తిరిగి వచ్చినదాన్ని నమ్మేయకుండా, రకం మీ పట్టికలో ఉందా, ధర సంఖ్యేనా అని ప్రోగ్రాంతో సరిచూడండి. ఆ వివరాలతో పట్టికలో వెతికి, జవాబును మీరు ముందే రాసిపెట్టుకున్న వాక్యంలో నింపి పంపండి. "8 వేల లోపు కుంభం అంచు, మెరూన్" అని వస్తే 8000 మించని వరుసలు షీట్ నుంచి తీయాల్సింది ప్రోగ్రామే.

మార్పిడి నియమాలు, పట్టు ఉతకడం, దాచుకోవడం లాంటి పొడవాటి విషయాలకు మాత్రం మోడల్ చేత వాక్యాలు రాయించొచ్చు. అప్పుడు కూడా మీరు రాసిన పేజీలోంచి సంబంధించిన భాగాన్ని ప్రశ్నతో పాటు ఇచ్చి, "ఇందులో ఉన్నది మాత్రమే చెప్పు, లేకపోతే కొట్లో అడిగి చెప్తామను" అని కట్టడి చేయాలి. పేజీలు మూడో నాలుగో అయితే మొత్తం ఇచ్చేయండి, ఎంబెడింగుల (అర్థాన్ని అంకెలుగా మార్చి వెతికే పద్ధతి) జోలికి వెళ్లక్కర్లేదు.

గొంతు మెసేజీలు

పెద్దవాళ్లు టైపు చేయరు, మాట్లాడి పంపుతారు. టెలిగ్రామ్ వాటిని ఓజీజీ అనే ఆడియో ఫైళ్లుగా ఇస్తుంది, బాట్ 20 ఎంబీ దాకా దించుకోగలదు. మాటను రాతగా మార్చడానికి చాలామంది ముందు పట్టుకునేది ఓపెన్ఏఐ సంస్థ విస్పర్ మోడల్. దాని భాషల జాబితాలో తెలుగు ఉంది, ఒడియా లేదు. ఒడియా గొంతును దానికిస్తే ఇంకో భాషగా వినేసి ఏదో ఒకటి రాస్తుంది, పైగా ఎర్రర్ కూడా చూపించదు. రెండు భాషలకూ పనికొచ్చేది కావాలంటే కేంద్ర ప్రభుత్వ భాషిణి వేదికనో, ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం విడుదల చేసిన మోడళ్లనో చూడండి. ఏది వాడినా, విన్నదాన్ని తిరిగి రాసి "ఇదేనా మీరడిగింది?" అని బటన్‌తో అడిగించండి. ఆర్డర్లను ఈ నిర్ధారణ లేకుండా తీసుకోవద్దు.

గుర్తుంచుకోవడం, చేతులు మార్చడం

"దాంట్లో ఎరుపుందా?" అని అడిగితే ఏ "దాంట్లో" అన్నది బాట్‌కు తెలియాలి. ఒక్కో చాట్ నంబరుకూ చివరిగా చూపించిన సరుకు కోడ్, నడుస్తున్న దశ, సమయం దాచండి. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఫైల్ ఒకటి చాలు. ప్రోగ్రాం జ్ఞాపకంలోనే ఉంచితే కరెంటు పోయినప్పుడు సగం రాసిన ఆర్డర్లన్నీ ఎగిరిపోతాయి. 30 నిమిషాలు మెసేజ్ లేకపోతే దశను మొదటికి తెచ్చేయండి. లేకపోతే పొద్దున ఊరు పేరు అడిగి వదిలేసిన బాట్, సాయంత్రం వచ్చిన "నమస్తే"ను ఊరి పేరుగా రాసుకుంటుంది.

వరుసగా రెండుసార్లు అర్థం కాకపోతే మూడోసారి అడగనివ్వకండి. కొట్లో మనిషి ఫోనుకు మొత్తం సంభాషణ పంపి, కొనుగోలుదారుకు ఎంతసేపట్లో జవాబొస్తుందో చెప్పండి. చిరునామా, ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ అడగొద్దు. ఆధార్, ఓటీపీ బాట్ నోట రాకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దేనికి తీసుకుంటున్నారో చెప్పి, ఒప్పుదలతో వివరాలు తీసుకోమంటుంది. ఆర్డర్ దగ్గర ఒక వాక్యం, ఒక బటన్ దీనికి పెట్టండి.

పరీక్ష, తర్వాత వాట్సాప్

కోడ్ రాసేటప్పుడు చూడని మెసేజీలు ఒక 100 ముందే పక్కన పెట్టి ఉంచుకోండి. వాటిని బాట్‌కిచ్చి మూడు లెక్కలు రాయండి: సరైన జవాబు, అర్థం కాలేదన్నవి, తప్పు జవాబు. రెండోది కాస్త ఎక్కువున్నా నడుస్తుంది, మనిషి చూసుకుంటాడు. మూడోదాన్ని మాత్రం ఒక్కొక్కటీ విప్పి చూడాలి, ధర తప్పు చెప్పినది ఒక్కటున్నా బయటకు వదలొద్దు. తర్వాత ప్రతి వారం అర్థం కాని మెసేజీలు చదివి, కొత్త రూపాలు జాబితాలో చేర్చండి.

టెలిగ్రామ్‌లో నిలదొక్కుకున్నాక వాట్సాప్‌కు వెళ్లండి, కొనుగోలుదారులుండేది అక్కడే. మామూలు వాట్సాప్ బిజినెస్ యాప్‌లో పలకరింపు మెసేజ్, కొట్టు మూసినప్పటి మెసేజ్, తయారు జవాబులు ఉచితంగానే ఉంటాయి. రోజుకు ఇరవై ముప్ఫై మెసేజీలొచ్చే కొట్టుకు అదే చాలు, ఇంత పని అక్కర్లేదు. అంతకు మించితే మీ ప్రోగ్రాంను వాట్సాప్‌కు కలిపే క్లౌడ్ ఏపీఐ తీసుకోవాలి. అక్కడ కొనుగోలుదారు చివరి మెసేజ్ నుంచి 24 గంటలే మీరు స్వేచ్ఛగా రాయగలరు, ఆ తర్వాత ముందే ఆమోదం పొందిన టెంప్లేట్ (తయారుగా రాసిపెట్టిన మెసేజ్) మాత్రమే వెళ్తుంది. అందుకే "రేపు సరుకొస్తుంది, చెప్తాం" అని మాటిచ్చే బాట్‌కు ఆ టెంప్లేట్ ముందుగానే సిద్ధంగా ఉండాలి. జవాబు బటన్లు మూడుకు మించవు, జాబితాలో వరుసలు పదికి మించవు. బటన్ రాత 20 గుర్తుల లోపు ఉండాలి. గుణింతాలూ పొల్లులూ ఖాళీలూ కలిపి "బరంపురం పట్టు చీరల ధరలు" 23 అవుతుంది కాబట్టి అక్కడ "పట్టు చీరల ధరలు" అని కుదించండి.